నీటికుక్క పిల్ల గొంతు

అడవి సినిమాల్లో వినబడే చప్పుళ్ళలో అడవిలో పుట్టినవి చాలా తక్కువ. కెమెరా ఎక్కడో అవతలి గట్టున పొదచాటున కూర్చుని, మూరెడు లెన్సుతో జంతువును కళ్ళముందుకు లాక్కొస్తుంది గాని, దాని అడుగుల సవ్వడిని లాక్కురాలేదు. మైకులో పడేదల్లా గాలి హోరూ, కెమెరామనిషి దగ్గూ. అందుకని తెరమీద జింక గెంతినా, గద్ద రెక్క విప్పినా, ఆ చప్పుడు తర్వాత ఎప్పుడో పట్నంలో తలుపులు బిగించిన గదిలో పుట్టాల్సిందే.

ఆ గదిలో వాటికి పురుడుపోసే మంత్రసాని ఆమె. స్టూడియోలో అందరూ చప్పుళ్ళమ్మాయి అనేవారు. తొమ్మిదో తరగతితో బడికి దణ్ణం పెట్టిన మనిషికి ఈ పని ఎలా అబ్బిందో ఆమెకే తెలియదు. పిండిమూట పిసికితే ఇసుకలో నడక. పాత టేపు చుట్టలు గుప్పిట్లో నలిపితే గడ్డిలో పరుగు. గొడుగు టపటపా మూసి తెరిస్తే రెక్కలు. నీటికుక్కల సినిమా మొదలైన దగ్గర్నుంచీ తోలు చేతితొడుగులు నీళ్ళతొట్టిలో ముంచి రాతిపలక మీద తడుతూ, మైకు ముందు క్యారెట్లు కరకరా నములుతూ కూర్చుంటోంది.

"ఈ సినిమా పూర్తయ్యేసరికి నీకు మీసాలు మొలుస్తాయి చూడు," అనేవాడు మిక్సింగ్ అన్న అద్దం అవతలి నుంచి.

"మొలిస్తే మీకు అరువిస్తాలే అన్నా, మీకు ఎటూ సరిగ్గా రావడం లేదుగా," అనేది ఆమె.

ఆ గది మూలన ఒక బుట్ట ఉండేది. అందులో ఆమె కూతురు బుజ్జమ్మ. ఇప్పుడిప్పుడే బోర్లాపడడం నేర్చుకుంటున్న పిల్ల. సీసా నోట పెడితే ఉమ్మేస్తుంది, తల్లి దగ్గర తప్ప తాగదు. అత్తగారు పొద్దుటిపూట బట్టల మిల్లుకు పోవాలి. డైరెక్టరక్క దయతలచి, పిల్లను తెచ్చుకో అంది గనక ఉద్యోగం నిలబడింది. నిలబడిందన్న మాటే గాని, ఆమె ప్రాణం మాత్రం ఎప్పుడూ గుప్పిట్లోనే. పిల్ల నిద్రపోతే ఊపిరి తీస్తోందో లేదోనని ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేది. నిద్రలేస్తే నడుస్తున్న రికార్డింగు పాడవుతుందని హడలిపోయేది. "ఇది సౌండు స్టూడియోనా, ఉయ్యాల గదా?" అని మిక్సింగ్ అన్న నవ్వుతూ అన్న మాటలో నవ్వెంతో నిజమెంతో రాత్రంతా తూకం వేసుకునేది.

డైరెక్టరక్కకు ఒక నియమం ఉంది. అడుగులు మనవి, గొంతు దానిది. కాళ్ళ చప్పుడు ఎన్నయినా చేసుకోవచ్చు. జంతువు నోట వచ్చే కూత మాత్రం ఆ జాతి జంతువుదే అయి ఉండాలి. "కాళ్ళు కల్పిస్తే అది సినిమా. గొంతు కల్పిస్తే అది అబద్ధం," అనేది. పెద్ద చదువులు చదివిన మాట కాబోలని చప్పుళ్ళమ్మాయి తలూపేది.

ఆ సినిమాకు చూసేవాళ్ళు పట్నం జనం కాదు. నది వంపు దగ్గర వలలు వేసుకుని బతికే జాలర్లు. నీటికుక్కలు వలలు కొరికి చేపలు తింటాయని వాళ్ళ కోపం. ఆ వంపులోనే గట్టు బొరియల్లో అవి పిల్లల్ని పెడతాయి. పిల్లలు ఈత నేర్చే నాలుగు రోజులూ వంపులో వల పడకపోతే చాలు, అవి బతికిపోతాయి. ఆ ఒక్క మాట జాలర్ల నోట అనిపించాలి. అందుకే ఇంత తతంగం. కెమెరామనిషి బురదలో పడిగాపులు కాసి తీసిన ఒక దృశ్యం ఉంది. పిల్ల వలలో చిక్కుకుంటుంది. తల్లి చుట్టూ తిరుగుతుంది, వలను పళ్ళతో లాగుతుంది, మునుగుతుంది, తేలుతుంది. చివరికి పిల్ల కదలదు. సినిమా ప్రాణమంతా అక్కడే ఉంది. కాని బొమ్మకు చప్పుడు లేదు.

"జంతువుల ఆసుపత్రి వాళ్ళ దగ్గర పిల్ల గొంతు దొరుకుతుంది, అడిగి తెప్పించు," అంది డైరెక్టరక్క. తెప్పించింది. అది సన్నటి ఈల. పిచ్చుక కూతకి ఎక్కువ, పిల్లనగ్రోవికి తక్కువ. బొమ్మ మీద పెట్టి చూశారు.

"ఇదా? సైకిలు బ్రేకు పట్టినట్టుంది," అన్నాడు మిక్సింగ్ అన్న.

డైరెక్టరక్క బొమ్మను మళ్ళీ వెనక్కి తిప్పించి చూసింది. తర్వాత, "ఇంకా మంచిది ఎక్కడైనా ఉందేమో వెతుకు. ఈ సీను పండకపోతే మనం వాళ్ళ ముందుకు పోయి లాభం లేదు," అంది. తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగి, మెత్తగానే, "పిల్లతో నీకు కష్టంగా ఉంటే చెప్పు. ఈ ఒక్క సినిమాకీ ఇంకెవరినైనా చూస్తాను," అని కూడా అంది.

మెత్తటి మాటే. కాని ఆ రోజంతా అది ఆమె చెవిలో జోరీగలా తిరిగింది. ఇంకెవరినైనా అంటే ఇక ఎప్పటికీ అనే ఆమెకు వినబడింది. ఎక్కడెక్కడో వెతికింది. దొరికినవన్నీ ఈలలే. దేవుడు నీటికుక్క పిల్లకు ఏడుపెందుకు ఇవ్వలేదో అని తిట్టుకుంది.

మర్నాడు మిక్సింగ్ అన్న భోజనానికి పోయాడు. ఆమె ఒక్కతే గదిలో. బుజ్జమ్మ లేచింది. ఆకలి వేళ. తల తిప్పి తల్లిని చూసి, అలవాటు ప్రకారం రెండు చిన్న కూతలు కూసింది. ఆమె లేచింది. ఎత్తుకోవడానికే లేచింది. నిజంగా ఎత్తుకోవడానికే. చెయ్యి మాత్రం దారిలో ఉన్న మైకు స్టాండు పట్టుకుని బుట్ట మీదికి వంచింది. రెండో చెయ్యి బటను నొక్కింది. ఎర్ర దీపం వెలిగింది.

పిల్ల చేతులు చాచింది. తల్లి అక్కడే ఉంది, కనబడుతోంది, కాని వంగడం లేదు. రెండు కూతలయ్యాక గుక్కపట్టింది. ముఖం కందిపోయింది. ఆ గుక్క తిరిగి తెగినప్పుడు వచ్చిన గొంతు ఆమె ఎన్నడూ విననిది, ఎందుకంటే ఎన్నడూ అంతదాకా రానివ్వలేదు. ఇంకొక్కటి, అనుకుంది. ఇంకొక్కటి చాలు. తన ఊపిరి మైకులో పడకూడదని బిగబట్టి నిలబడింది. పాలు చేపుకొచ్చి గుండెల మీద బట్ట తడిసిపోతోంది. ఒంటికి తెలుస్తోంది ఏం చెయ్యాలో. మనిషే కదలలేదు.

బటను నొక్కి దీపం ఆర్పాక ఎత్తుకుంటే, పిల్ల వెంటనే పాలు పట్టలేదు. మెడ వెనక్కి విరుచుకుని, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది. "లేదమ్మా, లేదమ్మా, అయిపోయింది," అంటూ గది అంతా తిప్పింది.

గొంతును కొంచెం సన్నం చేసి, నీటి చప్పుడు కింద అణిచి, బొమ్మ మీద పెట్టింది. మిక్సింగ్ అన్న తిరిగొచ్చి విని, కుర్చీలో వెనక్కి వాలి, ఏమీ జోక్ వెయ్యలేదు. డైరెక్టరక్క విని కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

"ఎక్కడ దొరికింది ఇది?"

"పాత రికార్డుల్లో అక్కా. ఆసుపత్రివాళ్ళదే. ఇంకో పిల్లది."

"నిజమైనదే కదా?"

"నిజమైనదే."

అబద్ధం కాదని తనకు తాను సర్దిచెప్పుకుంది. ఏడ్చింది నిజంగానే ఏడ్చింది కదా అనుకుంది. ఆ సమాధానం ఆ పూట వరకు పనికొచ్చింది.

సినిమా చూపించడానికి జాలర్ల వల షెడ్డు ఇచ్చారు. మధ్యాహ్నం వేళ, కిటికీలకు టార్పాలిన్లు కట్టి చీకటి చేశారు. గోడల వెంట వలల గుట్టలు. ముందు చాపల మీద ఆడవాళ్ళు, వెనక పెట్టెల మీద మగవాళ్ళు. సెలవు రోజు గనక అత్తగారు కూడా వచ్చింది, పిల్లను పట్టుకోవడానికని. మిల్లులో మరల మధ్య బతికిన మనిషి, ఆవిడ చెవిలో చెప్పే రహస్యం వీధి చివరకు వినబడుతుంది.

"మీకు ముందే ఒక మాట చెబుతున్నాను," అంది డైరెక్టరక్క నిలబడి. "ఇందులో గ్రాఫిక్కులు లేవు. కాళ్ళ చప్పుళ్ళు మా అమ్మాయి చేసింది, అదిగో, ఆ తలుపు దగ్గర కూర్చుంది. కాని గొంతులు మాత్రం వాటివే. చివర్లో ఒక పిల్ల గొంతు వింటారు. అది నిజమైన పిల్లదే."

తలలన్నీ ఆమె వైపు తిరిగాయి. తేలు కుట్టిన దొంగలా నవ్వింది.

సినిమా నడిచింది. నీటికుక్క రాయెక్కి ఒళ్ళు దులుపుకుంటే పిల్లలు కిలకిలమన్నారు. చేపను పట్టి నములుతుంటే వెనక నుంచి ఒకతను, "ఆ చేప నా వలలోదే. తోక చూసి చెబుతున్నా," అన్నాడు.

"తోక మీద నీ పేరు రాసిపెట్టావా మామా?" అంది చాప మీద నుంచి ఒకావిడ.

"పేరు రాస్తే అది చదువుకుని మరీ తింటుంది, ఇంకా నయం."

అందరూ నవ్వారు. డైరెక్టరక్క కూడా నవ్వింది, ఆ నవ్వులో ఆశ కనబడింది. వీళ్ళు మన దారికొస్తున్నారు అన్న ఆశ. చప్పుళ్ళమ్మాయికి కూడా కాసేపు భయం మర్చిపోవాలనిపించింది.

వల దృశ్యం వచ్చింది. షెడ్డు మొత్తం మాటుమణిగింది. స్పీకర్లలోంచి రెండు చిన్న కూతలు, ఆ తర్వాత గుక్క. స్టూడియోలో అద్దం వెనక వినడం వేరు, ఇంతమంది మధ్య వినడం వేరు. అది గదంత పెద్దదై గోడలకు తగిలి తిరిగొచ్చింది. ఆ ఏడుపు సందుల్లో ఊపిరి బిగబట్టి నిలబడిన తన నిశ్శబ్దం ఆమెకొక్కదానికే వినబడింది. చాప మీద పసిబిడ్డ తల్లి ఒకామె తన బిడ్డను గభాలున దగ్గరకు హత్తుకుంది.

అత్తగారి భుజం మీద నిద్రపోతున్న బుజ్జమ్మ లేచింది. చీకట్లోకి చూసింది. పెదవి వణికింది. రెండు చిన్న కూతలు కూసింది. ఆ తర్వాత గుక్కపట్టింది.

తెర మీద ఏడుపు, తెర ముందు ఏడుపు. ఒకటి కాస్త సన్నం, ఒకటి కాస్త బొంగురు. తూగు మాత్రం ఒక్కటే, విరుపు ఒక్కటే, గుక్క తిరిగిన చోటు ఒక్కటే. కవల పిల్లలు పోటీపడ్డట్టు.

"ఇదేంటే," అంది అత్తగారు, రహస్యంగానే అనుకుని. "ఆ కుక్కపిల్ల అచ్చం మన బుజ్జమ్మలా ఏడుస్తోందేంటే?"

వెనక ఎవరో ఫక్కుమన్నారు. డైరెక్టరక్క సినిమా ఆపింది. తెర మీద పిల్ల వలలో నోరు తెరుచుకుని నిలిచిపోయింది. టార్పాలిన్ ఒకటి ఎవరో ఎత్తారు. వెలుతురు సరిగ్గా చప్పుళ్ళమ్మాయి ముఖం మీద పడింది. అత్తగారి చేతుల్లోంచి పిల్లను లాక్కుని గుండెలకు అదుముకుంది. ఎంత ఊపినా ఏడుపు ఆగలేదు.

జాలర్ల సంఘం పెద్ద నెమ్మదైన మనిషి. పెట్టె మీద నుంచి లేవకుండానే అడిగాడు. "మేడమ్, ఆ గొంతు ఎవరిది?"

"పిల్లదే నండీ. జంతువుల ఆసుపత్రి వాళ్ళు..." అంటూ డైరెక్టరక్క ఆమె వైపు తిరిగింది. సగంలో మాట ఆగిపోయింది. "చెప్పు. నువ్వే చెప్పు."

ఆమె పిల్ల తల మీదికి వంగింది. "మా పాపది," అంది.

"గట్టిగా చెప్పమ్మా, వెనక్కి వినబడలేదు," అన్నాడొకతను. ఎకసెక్కానికి కాదు, నిజంగానే వినబడక.

రెండోసారి చెప్పాల్సి వచ్చింది. "మా పాపదండీ. మా పాప ఏడుపు."

నవ్వులు గోతం చిరిగి గింజలు ఒలికినట్టు ఒలికాయి. "అయితే ఇది నీటికుక్క కాదురా, నేలకుక్క," అన్నారెవరో. "మా చిన్నోడిని కూడా తీసుకెళ్ళండమ్మా, వాడు మొసలిలా ఏడుస్తాడు." ఇలా నవ్వినా పరవాలేదనిపించిందామెకు. నవ్వుతూ ఉంటే బాగుండును. తలొంచుకుని నవ్వుల కింద దాక్కోవచ్చు.

పసిబిడ్డ తల్లి నవ్వలేదు. "అంతసేపు ఏడ్చిందా?" అంది. "నువ్వు దగ్గర లేవా?"

"ఉన్నాను."

"ఎత్తుకోలేదా మరి?"

ఆమె తల దించుకుంది. నవ్వులు ఒక్కొక్కటే తగ్గి ఆగిపోయాయి. బుజ్జమ్మ వెక్కిళ్ళు తప్ప షెడ్డులో చప్పుడు లేదు. తల కొట్టేసినట్టయింది. ఈ సంగతి లోకంలో తనకూ పిల్లకూ తప్ప తెలియదనుకుంది. ఇప్పుడు చాప మీద కూర్చున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. అత్తగారు మొదటిసారి నిజంగా రహస్యంగా, "ఎందుకే అలా చేశావు?" అంది. అది ఎవరికీ వినబడలేదు.

సంఘం పెద్ద లేచాడు. "మేడమ్, మీరు మంచికే వచ్చారు. కాదనను. మీరేమో గొంతు నిజం అన్నారు, అది కాదని తేలింది. ఇక ఆ వల మా వలేనా, ఆ పిల్ల నిజంగా అందులోనే చచ్చిందా, మీరు కట్టి ముంచారా, మాకెలా తెలుస్తుంది?"

"అయ్యో, అదంతా నిజం. మా కెమెరామన్ కళ్ళారా..."

"కావచ్చు. వంపు సంగతి మరోసారి మాట్లాడుకుందాం లెండి. వలలకు వేళవుతోంది."

అంతే. కసిరినవాళ్ళు లేరు, తిట్టినవాళ్ళు లేరు. చాపలు చుట్టుకున్నారు, వలలు భుజానికెత్తుకున్నారు. మరోసారి అంటే ఈ ఈత కాలం దాటిపోయాకనే అని డైరెక్టరక్కకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆ సినిమాలో ఉన్నదంతా నిజమే. వల నిజం, తల్లి నిజం, చావు నిజం. ఒక్క ఏడుపు అబద్ధం. కుండెడు పాలకు ఒక్క విషపు చుక్క చాలు.

వ్యానులో సామాను సర్దుతూ డైరెక్టరక్క చాలాసేపు వైరు చుడుతూనే ఉంది. చివరకు, "నాకు చెప్పి ఉంటే ఆ ఈలే పెట్టుకునేవాళ్ళం కదా," అంది. ఆగి, "నేను గాని నిన్ను భయపెట్టానా?" అని అడిగింది.

అవునంటే సగం తప్పు అటు పోతుంది. కాదంటే మొత్తం తనదే. అవును అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. "కాదక్కా," అంది. "ఎవరూ భయపెట్టలేదు. నేనే చేశాను."

డైరెక్టరక్క తలాడించి మళ్ళీ వైరు చుట్టుకుంది. నమ్మిందో లేదో తెలియలేదు.

బుజ్జమ్మ మళ్ళీ కదిలింది. కూతైనా కూయకముందే అత్తగారు, "తీసుకో, తీసుకో. మళ్ళీ ఎవరైనా మైకులో పట్టేసుకుంటారు," అని చేతికందించింది. ఆవిడ వేళాకోళమే అంత. ఈసారి మాత్రం గుచ్చుకుంది.

పిల్లను భుజాన వేసుకుని ఆమె గట్టు దిగింది. ఎందుకు దిగిందో ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేది. పడవలు నీళ్ళలోకి తోస్తున్నారు. సంఘం పెద్ద మోకాలిలోతు నీళ్ళలో నిలబడి వల సర్దుకుంటున్నాడు.

"పెద్దయ్యా," అంది. "నా మాట పక్కన పెట్టండి. ఆ సీను చప్పుడు లేకుండా చూడండి. బొమ్మ ఒక్కటే. కూత వద్దు, నీళ్ళ చప్పుడు వద్దు, నేను చేసింది ఏదీ వద్దు. ఒక్కసారి చూడండి చాలు."

ఆయన వల మీద నుంచి తలెత్తాడు. "ఆ పిల్ల నిజంగా చచ్చిందా?"

"చచ్చింది పెద్దయ్యా. దానికి అబద్ధం లేదు."

ఆయన ఆమె ముఖం వంక చూశాడు. కోపంగా కాదు. వలలో రంధ్రం ఎక్కడుందో వెతికినట్టు ఓపికగా చూశాడు. "నిన్ను నమ్మాలనే ఉందమ్మా," అన్నాడు. "ఏం పట్టుకుని నమ్మమంటావు?"

ఆమె నోరు తెరిచింది.  ఒట్టు వేద్దామనుకుంది. పిల్ల మీద ఒట్టు అని నోటిదాకా వచ్చింది. ఆ పిల్లను అడ్డం పెట్టుకున్నది ఇప్పటికే చాలు. మింగేసింది.

"సరే, పిల్లకి ఎండ తగులుతోంది, నీడకు తీసుకుపో," అని ఆయన పడవెక్కాడు.

ఆమె నీడకు పోలేదు. పిల్ల తల మీద అరచెయ్యి అడ్డంపెట్టి అక్కడే నిలబడింది. మొదటి పడవ కదిలింది. దాని వెనక రెండోది. కొంతదూరం వరకు అన్నీ ఒకే దారిన పోతాయి; ఆ తర్వాత నది చీలిన చోట ఎడమకు తిరిగితే వంపు. ఎన్ని తిరుగుతాయో చూడాలని ఉంది, చూడకుండా పోవాలనీ ఉంది. చూసింది. మొదటిది ఎడమకే తిరిగింది. దాని వెనకది కూడా.